ఆటిజం ఉన్న చిన్నపిల్లల్ని ఇంట్లో పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటిజం ఉన్న పసిపిల్లల తల్లిదండ్రులలో ఎవరిని కదిపినా ఇవే సందేహాలు వినిపిస్తాయి. ఒకరికి చెప్పిన సమాధానాన్నే మరొకరికి చెప్పవలసి వస్తున్నందువల్ల, అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలను ఉంచి, సుమారు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను దృష్టిలో పెట్టుకుని వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ సమాధానాన్ని విడిగా చదువుకోవచ్చు. మీ బిడ్డను స్వయంగా చూసిన వైద్యుల సలహాకు ఇది బదులు కాదు. ఆ సలహా తీసుకుని ఇంటికి వచ్చాక మిగిలే గంటల కోసం రాసినది.

## అనుమానం మొదలైనప్పుడు

బాబుకు ఏడాదిన్నర. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, కానీ టీవీలో పాట వస్తే పరుగెత్తుకొస్తాడు. ఇది ఆటిజమేనా?

ఒక్క లక్షణాన్ని బట్టి ఆటిజం అని చెప్పలేము. పేరుకు పలకకపోవడంతో పాటు మరికొన్నింటిని గమనించండి. మీరు వేలితో చూపినవైపు చూస్తున్నాడా, తాను వేలు పెట్టి చూపిస్తున్నాడా, చప్పట్లు కొట్టడం, చేయి ఊపడం వంటివి మిమ్మల్ని చూసి చేస్తున్నాడా? వేలు చూపడంలోనూ రెండు రకాలు ఉన్నాయి. ఒకటి "అది కావాలి" అని అడగడం, రెండోది "అదిగో చూడు" అని తన సంతోషాన్ని మీతో పంచుకోవడం. ఏడాదిన్నర వచ్చినా ఈ రెండో రకం కనిపించకపోతే పరీక్ష చేయించడం అవసరం.

పాటకు పరుగెత్తుకొస్తున్నాడు కాబట్టి వినికిడి బాగుందని నిర్ణయించుకోవద్దు. కొన్ని స్థాయుల శబ్దాలే వినిపించే పిల్లలు ఉంటారు కనుక మొదట వినికిడి పరీక్ష చేయించండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎంచాట్ అనే 20 ప్రశ్నల పట్టిక వాడుకలో ఉంది. అది అనుమానాన్ని వడపోసే సాధనమే తప్ప నిర్ధారణ కాదు.

"మగపిల్లలకు మాటలు ఆలస్యం, మూడేళ్లు వచ్చేదాకా చూద్దాం" అని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఆగమంటారా?

ఆగవద్దు. ఆలస్యంగా మాట్లాడి తర్వాత అందరితో సమానంగా వచ్చే పిల్లలు ఉన్న మాట నిజమే కానీ, మీ బిడ్డ ఆ కోవలోకే వస్తాడో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయించి ఏమీ లేదని తేలితే పోయేది కొంత సమయమే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అనుమానం ఉన్నా లేకపోయినా పిల్లలందరినీ 18వ నెలలోనూ 24వ నెలలోనూ ఆటిజం కోసం పరీక్షించాలని సూచిస్తోంది. వచ్చిన మాటలు పోయినా, నవ్వడం, పిలిస్తే రావడం తగ్గిపోయినా ఏ వయసులోనైనా వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్లాలి. నిర్ధారణ కాగితం చేతికి రాకముందే మాటకు సంబంధించిన సాధన మొదలుపెట్టవచ్చు. దానివల్ల ఏ బిడ్డకూ నష్టం జరగదు.

గర్భంతో ఉన్నప్పుడు నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా? లేక టీకాల వల్ల వచ్చిందా?

మీ వల్ల రాలేదు. ఈ ప్రశ్న అడిగే తల్లులు సాధారణంగా గొంతు తగ్గించి అడుగుతారు కాబట్టి, సమాధానాన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గురించి రాసిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, ప్రేమ చూపని తల్లుల వల్లే ఆటిజం వస్తుందనే అన్యాయమైన వాదం నడిచింది. 1977లో కవలలపై జరిగిన అధ్యయనం, తర్వాత వచ్చిన ఎన్నో పరిశోధనలు దీనికి ప్రధానంగా జన్యువులే మూలమని చూపాయి. టీకాలపై అనుమానం 1998లో 12 మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసంతో ప్రబలింది. దానిని ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. మిగిలిన టీకాలు ఆపవద్దు.

ఫోను ఎక్కువగా చూపించడం వల్లే ఇలా అయిందంటున్నారు. నిజమేనా?

ఫోను చూడడం వల్ల ఆటిజం వస్తుందని నిరూపణ లేదు. తెరలు చూడడం వల్ల వచ్చిందంటూ కొందరు చెప్పే "వర్చువల్ ఆటిజం" అనేది వైద్యులు గుర్తించిన నిర్ధారణ కాదు. అయితే ఫోను ముందు గడిచే ప్రతి గంటా మనిషి ముఖం చూస్తూ నేర్చుకోవలసిన సమయంలోంచి పోతుంది కనుక దాన్ని తగ్గించడం మంచిదే. ఒక్కసారిగా లాగేసుకోవడం కంటే, తీసేసిన సమయంలో మీరు పక్కన కూర్చుని ఆడడం ముఖ్యం.

## నిర్ధారణ అయిన తొలి నెలల్లో

ఇది పూర్తిగా తగ్గుతుందా? పెద్దయ్యాక అందరిలా ఉంటాడా?

ఆటిజం వచ్చి పోయే జబ్బు కాదు. లోకాన్ని చూసే, వినే, అర్థం చేసుకునే తీరులోనే పుట్టుకతో ఉండే తేడా అది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో, అంతకు ముందు వేర్వేరు పేర్లతో ఉన్న స్థితులను "ఆటిజం స్పెక్ట్రమ్" అనే ఒకే పేరు కిందకు తెచ్చింది. చదువుకుని ఉద్యోగం చేస్తూ స్వతంత్రంగా జీవించేవారూ, జీవితాంతం మరొకరి తోడు అవసరమయ్యేవారూ ఈ ఒక్క పేరు కిందే ఉంటారు. మూడేళ్ల బిడ్డను చూసి ముప్పయ్యో ఏట ఎలా ఉంటాడో చెప్పగలమనే వారిని నమ్మవద్దు. ఆటిజం ఉన్నంత మాత్రాన ఎదుగుదల ఆగదు, నేర్చుకోవడం ఆగదు. "రాబోయే ఆరు నెలల్లో ఏం నేర్చుకుంటే ఇతని రోజు తేలికవుతుంది?" అని వేసుకునే ప్రశ్నకు మాత్రం చేతిలో పట్టుకోగలిగిన సమాధానాలు దొరుకుతాయి.

రోజుకు ఎన్ని గంటల థెరపీ చేయించాలి? ఎక్కువ గంటలైతే ఎక్కువ ఫలితమా?

గంటల లెక్క 1987లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో పిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత, ఆటలోనూ రోజువారీ పనుల్లోనూ కలిపి నేర్పే పద్ధతులు, తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చే పద్ధతులు ఎన్నో వచ్చాయి. చిన్న బిడ్డకు నిద్ర, ఆట, ఊరికే ఉండే సమయం కూడా కావాలి. గంటల కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. బిడ్డ అక్కడికి ఇష్టంగా వెళుతున్నాడా, ఏం నేర్పుతున్నారో, ఎందుకు నేర్పుతున్నారో మీకు వివరిస్తున్నారా, దానిని ఇంట్లో ఎలా కొనసాగించాలో చూపిస్తున్నారా? తలుపు మూసి తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోట, ఏడ్చి అలసిపోయేదాకా కూర్చోబెట్టే చోట బిడ్డను ఉంచవద్దు.

ప్రత్యేక ఆహారం, మూలకణాల చికిత్స, ఆటిజం తగ్గించే మందులు అంటూ చాలామంది చెబుతున్నారు. ఒకసారి ప్రయత్నిస్తే తప్పేముంది?

తప్పు ఉంది, ప్రమాదమూ ఉంది. ఆటిజం మూల లక్షణాలను తగ్గించే మందు ఏదీ ఇప్పటిదాకా లేదు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ అనే మందులకు అమెరికాలో 2006, 2009 సంవత్సరాలలో అనుమతి లభించింది. అది కూడా తీవ్రమైన చిరాకు, తనను గాని ఇతరులను గాని కొట్టడం వంటి ఇబ్బందులకే, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే. ఒంట్లోని లోహాలను బయటకు లాగుతామంటూ చేసే కీలేషన్ చికిత్స వల్ల 2005లో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు ప్రాణం పోయింది. క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణం తాగించమని చెప్పేవారూ ఉన్నారు. అది పరిశ్రమల్లో కాగితం, వస్త్రాలు తెల్లబరచడానికి వాడే రసాయనం, పేగులను కాలుస్తుంది. మూలకణాలు, ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కించే గదులు పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. పాలు, గోధుమలు మాన్పించే ఆహార నియమం వల్ల ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. అసలే నాలుగైదు పదార్థాలు తప్ప తినని బిడ్డకు వాటిలో రెండు తీసేస్తే పోషణ లోపిస్తుంది.

బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పాలా?

బిడ్డతో సమయం గడిపే ప్రతివారికీ చెప్పడం మేలు. వివరణ పెద్దదిగా ఉండనక్కర లేదు. "వీడికి పెద్ద శబ్దాలు భరించడం కష్టం, చెప్పింది అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది, ముద్దు చేసే ముందు అడగండి" అన్నంత చాలు. మిగిలినవారికి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం.

## మాట, ఆట

మూడేళ్లు వచ్చినా ఒక్క మాట రాలేదు. ఇంట్లో మేము ఏం చేయాలి?

మాట కంటే ముందు వచ్చేవి చూపు, సైగ, వంతులు మార్చుకోవడం. మీ చేయి పట్టుకుని అలమర దగ్గరకు లాక్కెళ్లే బిడ్డ అప్పటికే మీతో మాట్లాడుతున్నాడు. ఆ సంభాషణను గుర్తించి జవాబివ్వడం నుంచే మొదలుపెట్టండి.

నేల మీద, అతని ముఖానికి ఎదురుగా కూర్చోండి. అతను దేనితో ఆడుతుంటే దానితోనే ఆడండి. కార్లు వరుసగా పెడుతుంటే మీరూ ఒక కారు తెచ్చి వరుసలో పెట్టండి. తనను అనుకరిస్తున్నారని గమనించిన బిడ్డ చాలాసార్లు తలెత్తి చూస్తాడు, ఆ చూపు కోసమే ఈ ఆట. "ఇదేంటి? ఇది ఏ రంగు? చెప్పు, చెప్పు" అంటూ పరీక్ష పెట్టవద్దు. జరుగుతున్నదానికి ఒకటి రెండు మాటలు జోడించండి. కారు కదిలితే "పోయింది", పడితే "పడింది", అంతే. అసలు మాటలు లేని బిడ్డతో ఒక్క మాట, ఒక్కో మాట అనే బిడ్డతో రెండేసి మాటలు వాడండి.

ఆ తర్వాత ఆగండి. పెద్దలకు అన్నిటికంటే కష్టమైనది ఇదే. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు, ముఖంలో ఎదురుచూపు కనిపించేలా ఊరుకోండి. ఊయల ఊపుతూ మధ్యలో ఆపండి, రోజూ పాడే పాటలో చివరి మాట వదిలేయండి. బిడ్డ చూసినా, కాలు కదిపినా, చిన్న శబ్దం చేసినా అదే జవాబుగా తీసుకుని వెంటనే ఊపండి, పాట పూర్తి చేయండి. ఇష్టమైన బొమ్మను పారదర్శకమైన డబ్బాలో పెట్టి మూత బిగిస్తే, తెరిచి ఇమ్మని అడగవలసిన అవసరం సహజంగా కలుగుతుంది. ఇందుకు వేరే గంట కేటాయించనక్కర లేదు. స్నానం, బట్టలు వేయడం, భోజనం, పడక రోజూ ఎలాగూ జరిగేవే కదా, వాటిలోనే కలపండి.

మాటకు బదులు బొమ్మల కార్డులు, బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్లెట్ తెర అలవాటు చేస్తే ఇక మాట్లాడడమే మానేస్తాడేమో?

ఈ భయం చాలామందిలో ఉంది, కానీ పరిశోధన దీనికి విరుద్ధంగా ఉంది. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను 2006లో సమీక్షించినప్పుడు, ఇలాంటి సాధనాల వల్ల మాట తగ్గినట్లు కనబడలేదు. చాలామందిలో కొంత పెరిగింది కూడా. కార్డు ఇచ్చి కావలసిన వస్తువు తీసుకునే పద్ధతిని 1985లో రూపొందించారు. కార్డు ఇచ్చినప్పుడల్లా మీరు ఆ మాటను పైకి అంటూ వస్తువు ఇవ్వండి. నోటితో అనేదాకా నీళ్లు ఇవ్వకుండా బిగబట్టడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. దాహం వేసిన బిడ్డకు దానివల్ల వచ్చేది మాట కాదు, దిగులు.

"నీళ్లు తాగుతావా?" అంటే తానూ "నీళ్లు తాగుతావా?" అంటుంది. అర్థం కాకుండానే అంటోందా?

సాధారణంగా అర్థం లేకుండా కాదు. విన్న వాక్యాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా దాచుకుని, అవసరం వచ్చినప్పుడు బయటకు తీయడం ఆటిజం ఉన్న పిల్లలు భాష నేర్చుకునే మార్గాలలో ఒకటి. దీనిని ఎకోలేలియా అంటారు. ఎప్పుడో పడినప్పుడు విన్న "ఏం కాలేదులే" అనే మాటను భయం వేసిన ప్రతిసారీ అనే పాప, తన భయాన్ని చెబుతోందన్నమాట.

తెలుగులో ఆ పని చేసేది ఎవరో క్రియ చివరి అక్షరాలే చెబుతాయి కాబట్టి "నేను", "నువ్వు" తారుమారయ్యే ఈ తికమక మరింత స్పష్టంగా వినిపిస్తుంది. "తాగుతావా?" అని మీరడిగి నీళ్లిచ్చారు కనుక, నీళ్లు వచ్చే మాట "తాగుతావా" అని ఆమెకు అర్థమైంది. అందువల్ల ఆమె నోట రావలసిన రూపాన్నే మీరు వినిపించండి. గ్లాసు అందిస్తూ ఆమె తరఫున "నీళ్లు తాగుతాను" అనండి. తప్పు అని సరిదిద్దవద్దు. ఆమె అడిగింది మీకు అర్థమైంది, ఇవ్వండి.

ఇంట్లో రెండు భాషలు మాట్లాడతాం. ఒకటి మానేయాలా?

అవసరం లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత ఆలస్యమవుతుందని అధ్యయనాల్లో తేలలేదు. మీకు బుజ్జగించడం, నవ్వించడం ఏ భాషలో సహజంగా వస్తే ఆ భాషలో మాట్లాడండి.

చేతులు ఆడిస్తాడు, గిరగిర తిరుగుతాడు, గంటలకొద్దీ చక్రాలు తిప్పుతాడు. మాన్పించాలా?

గాయం కానంత వరకు మాన్పించవద్దు. ఒంట్లో పొంగే ఆనందాన్ని, ఆందోళనను, చుట్టూ ఉన్న రొదను తట్టుకోవడానికి బిడ్డ తనకు తానే కనిపెట్టుకున్న ఉపాయం అది. చేతులు పట్టుకుని ఆపితే ఆందోళన మరో దారి వెతుక్కుంటుంది. హఠాత్తుగా ఎక్కువైతే మాత్రం ఏది ఇబ్బంది పెడుతోందో చూడండి.

## తిండి, నిద్ర, టాయిలెట్

నాలుగైదు పదార్థాలు తప్ప ఏదీ నోట పెట్టడు. బలవంతంగా తినిపించాలా?

బలవంతం వద్దు. రుచి కంటే మెత్తదనం, రంగు, వాసన, నోట్లో నలిగే చప్పుడు ఈ పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. ఇష్టంగా తినేదానిలో కొత్తది దాచి పెడితే, ఉన్న ఆ ఒక్కటీ మానేసే ప్రమాదం ఉంది. కొత్త పదార్థాన్ని పళ్లెం పక్కన ఉంచడం, తాకడం, వాసన చూడడం, నాలుకకు తగిలించడం ఒక్కొక్కటీ వేరే మెట్టు. ఒక్కో మెట్టుకు వారాలు పట్టవచ్చు. బరువు తగ్గినా, మింగడంలో ఇబ్బంది ఉన్నా, మలబద్ధకం వేధిస్తున్నా వైద్యులకు చూపించండి. మట్టి, గోడ పెచ్చులు వంటివి తింటుంటే రక్తంలో ఇనుము, సీసం పరీక్ష చేయించాలి.

రాత్రి రెండింటికి లేచి తెల్లవారేదాకా ఆడుకుంటుంది. ఇల్లంతా అలసిపోయింది.

మొదట ఒంట్లో బాధ ఏదైనా ఉందేమో చూడాలి. మలబద్ధకం, దురద, కడుపులో మంట, ముక్కు దిబ్బడ నిద్రను చెడగొడతాయి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ కూడా మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుంది కనుక నిద్రలో వింత కదలికలుంటే వీడియో తీసి వైద్యులకు చూపించండి. తర్వాత పడక ముందు నాలుగైదు పనులను ప్రతిరోజూ ఒకే వరుసలో చేయండి, ఒక గంట ముందు నుంచే టీవీ, ఫోను కట్టేసి వెలుతురు తగ్గించండి. రాత్రి లేస్తే దీపం వేయకుండా, మాటలు పెంచకుండా మళ్లీ పడుకోబెట్టండి. నిద్రకు సాయపడే మెలటోనిన్ అనే మందు కొందరికి ఉపయోగపడుతుంది, కానీ మోతాదు వైద్యులే నిర్ణయించాలి.

నాలుగేళ్లు వచ్చినా డైపర్ తప్పడం లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలి?

గంటన్నర, రెండు గంటలు పొడిగా ఉండగలిగితే మొదలుపెట్టవచ్చు. మలబద్ధకం ఉంటే ముందు దానికి చికిత్స కావాలి. కూర్చున్నప్పుడు పాదాలకు ఆధారం ఉండాలి. నీళ్లు వదిలే చప్పుడుకు భయపడే పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి, బిడ్డ బయటకు వచ్చాకే వదలండి.

## కష్టమైన రోజుల్లో

నలుగురిలో ఉన్నట్టుండి నేల మీద పడి ఏడుస్తాడు. మొండితనమేనా? రెండు దెబ్బలు వేస్తే మానతాడంటున్నారు.

మారాం చేసే బిడ్డ మధ్యమధ్యలో మిమ్మల్ని చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. మెల్ట్‌డౌన్ అలాంటిది కాదు. శబ్దం, వెలుతురు, జనం, అనుకోని మార్పు భరించగలిగినంత దాటిపోయినప్పుడు అదుపు తప్పడం అది. ఆ సమయంలో అడిగింది ఇచ్చినా ఆగదు. కొడితే భరించవలసిన వాటికి నొప్పి, భయం తోడవుతాయి, నేర్చుకునేది ఏదీ ఉండదు.

ఆ క్షణంలో మాటలు తగ్గించండి. ప్రశ్నలు వద్దు, హితబోధ వద్దు. వీలైతే నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకువెళ్లండి, తగిలే వస్తువులు తొలగించండి, దగ్గరలో కూర్చోండి. గట్టిగా హత్తుకుంటే కుదుటపడే బిడ్డ ఉంటాడు, తాకితే మరింత బెదిరే బిడ్డా ఉంటాడు. మీ బిడ్డ సంగతి మీకు తెలుస్తుంది. చూస్తున్నవారికి ఆ సమయంలో సంజాయిషీ ఇవ్వవలసిన బాధ్యత మీకు లేదు.

అసలు పని మర్నాడు మొదలవుతుంది. రెండు వారాల పాటు ప్రతి సంఘటననూ రాయండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, ఆకలిగా ఉన్నాడా, ముందురోజు నిద్రపోయాడా, తర్వాత మీరేం చేశారు. కారణం తెలియడం లేదనుకున్న చోట చాలాసార్లు వరుస బయటపడుతుంది. మార్పు వల్ల అయితే జరగబోయేవి బొమ్మల్లో ముందే చూపించండి, "ముందు స్నానం, తర్వాత ఊయల" అని రెండు ముక్కల్లో చెప్పండి. శబ్దం వల్ల అయితే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టండి, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి.

తల గోడకేసి కొట్టుకుంటోంది, చేయి కొరుక్కుంటోంది. ఎలా ఆపాలి?

కొత్తగా మొదలైతే ముందు నొప్పిని అనుమానించండి. పంటి నొప్పి, చెవిపోటు, తలనొప్పి, కడుపునొప్పి చెప్పలేని బిడ్డ ఇలాగే చెబుతుంది. ఆ క్షణంలో దెబ్బ తగలకుండా మధ్యలో దిండు గాని మీ చేయి గాని అడ్డం పెట్టండి, అరవవద్దు. అలా చేసిన ప్రతిసారీ ఏం దక్కుతోందో, దేని నుంచి తప్పించుకుంటోందో గమనించి, "చాలు", "వద్దు" అని చెప్పే కార్డునో సైగనో నేర్పండి. ఆ సైగ చేసిన వెంటనే పని ఆపితేనే దానికి విలువ ఉందని ఆమె నమ్ముతుంది. గాయాలవుతుంటే నిపుణుల సహాయం ఆలస్యం చేయవద్దు.

తలుపు తెరిస్తే చాలు పరుగెడతాడు. క్షణం ఏమరినా కనిపించడు.

ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. 2012లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, నాలుగేళ్లు దాటిన ఆటిజం పిల్లల్లో దాదాపు సగం మంది కనీసం ఒక్కసారైనా అలా వెళ్లిపోవడానికి ప్రయత్నించారు. ఈ పిల్లలను నీరు బాగా ఆకర్షిస్తుంది, మునిగిపోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అందుకే బిడ్డ కనిపించకపోతే మొదట దగ్గరలోని చెరువు, బావి, కాలువ, నీటి తొట్టి వైపు పరుగెత్తండి. తలుపుకు చేయి అందని ఎత్తులో గడియ, తెరిస్తే మోగే గంట బిగించండి. మీ ఫోన్ నంబరు బిడ్డ ఒంటి మీద ఎప్పుడూ ఉండాలి. ఇరుగుపొరుగుకు ఫొటో చూపించి, ఒంటరిగా కనిపిస్తే ఆపమని చెప్పండి. వీలైనంత త్వరగా ఈత నేర్పించండి.

## బడి, ఇంట్లో మిగిలినవారు

బడిలో చేర్చేటప్పుడు ఆటిజం అని చెబితే తీసుకోరేమో. దాచిపెట్టమంటారా?

దాచవద్దు. చెప్పకుండా చేర్చిన బడిలో, బిడ్డకు కష్టం వచ్చినప్పుడు అది అల్లరిగా కనిపిస్తుంది, శిక్షగా మారుతుంది. ఒకే ఒక్క పేజీలో ఇష్టమైనవి, భరించలేనివి, కావలసింది ఎలా అడుగుతాడు, కలవరపడితే ఎలా కుదుటపడతాడు అనేవి రాసి టీచర్‌కు ఇవ్వండి. మొదటి రోజుకు ముందే ఖాళీగా ఉన్న తరగతి గదిని ఒకటి రెండు సార్లు చూపించండి.

ఇంకో బిడ్డను కనాలనుకుంటున్నాం. ఆ బిడ్డకూ వస్తుందా?

ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత పుట్టిన పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించిన పెద్ద అధ్యయనాలలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆటిజం కనిపించింది. జన్యు నిపుణులను సంప్రదిస్తే మీ కుటుంబానికి సంబంధించిన వివరం మరికొంత తెలుస్తుంది. నిర్ణయం మాత్రం మీ ఇద్దరిదే.

పెద్దమ్మాయి "ఎప్పుడూ తమ్ముడేనా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలి?

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న అని ముందు ఒప్పుకోండి. తమ్ముడికి ఏది కష్టమో ఆమె వయసుకు తగినట్టు నిజం చెప్పండి. రోజూ పావుగంటైనా ఆమెతో మాత్రమే గడపండి, ఆ పావుగంటలో తమ్ముడి ప్రస్తావన రానివ్వకండి. ఆమెకు కోపం వస్తే తప్పుపట్టవద్దు, తమ్ముడికి చిన్న తల్లిగా మార్చవద్దు.

నాకు ఓపిక అయిపోయింది. ఒక్కోసారి బిడ్డ మీద కోపం వస్తోంది. నేను చెడ్డ తల్లినా?

కాదు. నెలల తరబడి నిద్ర లేకుండా, ఒక్కరే మోస్తున్నప్పుడు ఎవరికైనా ఇలాగే అవుతుంది. చేయి లేస్తుందనిపించిన క్షణంలో బిడ్డను సురక్షితమైన చోట ఉంచి రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. రాత్రి మేలుకోవడాన్ని ఇంట్లో మరొకరితో వంతులు వేసుకోండి. బిడ్డ సైగలు, భయాలు, ఇష్టాలు మీలాగే తెలిసిన ఇంకొక పెద్దవారిని తయారుచేయండి. మొదట మీరు పక్కన ఉండగా అరగంట, తర్వాత మీరు లేకుండా అరగంట, అలా రెండు గంటల దాకా పెంచండి. ఏడుపు ఆగకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, చనిపోవాలనిపించినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, వారిని తోడు తీసుకుని వైద్యుల దగ్గరకు వెళ్లండి.